తాతయ్య ముద్ద ముట్టిన నీలంపిట్ట

"నాన్నమ్మా, బర్డ్ ఫీడర్‌లో కారం ఎందుకు కలుపుతావ్?"

అదా! ఉడతలకే తల్లీ. పిట్టలకి కారం తెలీదు, ఉడతలకైతే మూతి మండిపోద్ది. ఎవరో చెప్పింది కాదు, కళ్ళారా చూశా. ఆ ఫోను దగ్గరికి పెట్టు, రికార్డవుతుందో లేదో.

మా ఊళ్ళో పిట్టలకి గింజలు కొనడమేంటే? వరికంకులు కుచ్చుగా కట్టి వసారాలో వేలాడదీస్తే పిచ్చుకలే వచ్చి తినేవి. ఇక్కడ సంచీ ఇరవై డాలర్లంట! మీ తాతయ్య లెక్కచేసేవారా? చలి మొదలైతే చాలు, స్వెట్టరు మీద స్వెట్టరేసుకుని ఆ గాజు తలుపు దగ్గరే కుర్చీ. ఎర్రపిట్టొస్తే "ఇదిగోనే, పెళ్ళికొడుకొచ్చాడు" అని నన్ను పిలిచేవారు. నేనేమో పొయ్యి మీద పోపు మాడుద్దని కసిరేదాన్ని.

ఆయన పోయిన మరుసటేడు తద్దినం, డిసెంబర్లో. ఆ రోజే మంచు పడింది... కాదులే, ముందురోజు. మీ నాన్న గుడిలో అయ్యవారిచేత అన్నీ చేయించొచ్చాడు. కాకికి ముద్ద మాత్రం నేనే పెడతానన్నా. ఆయనకి ఆవకాయంటే ప్రాణం. డాక్టరు వద్దన్నాడని ఆఖరి రెండేళ్ళూ సీసా దాచేశా. అడిగితే అయిపోయిందని అబద్ధం. అందుకే ఆ రోజు వేడన్నంలో ఆవకాయ కలిపి, నెయ్యేసి, పెరటివైపు చెక్క డెక్ రెయిలింగు మీద పెట్టా.

కాకి ముట్టకపోతే పోయినవాళ్ళకి కోరిక మిగిలినట్టంటారుగా. ఆ కోరికేంటో నాకు తెలుసు. గంటైంది, రెండు గంటలైంది, కాకి జాడే లేదు. కావ్ కావ్ అని పిలిచా కూడానూ. పక్కింటాయన కంచె మీంచి తొంగిచూశాడు. ఈలోపు ఉడతొచ్చి ముద్దలో మూతి పెట్టింది. పెట్టి, మూతి తుడుచుకుంటా ఒకటే పరుగు! నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

అప్పుడొచ్చింది నీలంపిట్ట, నెత్తిన కుచ్చేసుకుని. ఇంత ముద్ద ముక్కున కరుచుకుపోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ. అయినా కాకి కాదుగా అని కూలబడ్డా.

నీకప్పుడు ఎనిమిదేళ్ళు. నా కొంగు పట్టుకుని, "నాన్నమ్మా, బ్లూ జే కూడా క్రో ఫ్యామిలీనే. కజిన్. మా టీచర్ చెప్పింది" అన్నావు. గుర్తుందా?

కాకి రాకపోతేనేం, కాకి చుట్టం వచ్చి తినిపోయింది. ఆయన తిన్నట్టే అనుకున్నా. నా గుండె మీద బరువు దించావు తల్లీ, నూరేళ్ళు చల్లగా ఉండు. ఆ సీసా ఇప్పుడు దాచట్లేదు, చూశావా, బల్ల మీదే ఉంటది. ఇదిగో, నీలంపిట్టొచ్చింది... కదలకు...