మెడలో టేపు, గోడకి గడ్డపార

"నా వాటానా? అది పొద్దున్నే అయిపోయింది అల్లుడూ, నువ్వింకా దుప్పట్లోంచి కాలు బయటపెట్టకముందే!"

టీ కొట్టు బల్ల మీద కాలు మీద కాలేసుకుని టేపు మామయ్య అన్న మాట ఇది. ఆయన దర్జీ. మెడలో కొలతల టేపు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. ఆయన పక్కన గోడకి ఆనించి నీలం రంగు గడ్డపార ఉంది.

నీ వాటా తవ్వడం అయిందా అని ఆటో డ్రైవరు ఊరికే అడగలేదు. కొట్టు వెనకే బోడికొండ. వానపడితే చాలు, దాని మట్టి జారి వీధిలోకొస్తుంది. అందుకని వీధివాళ్ళంతా మొక్కలు నాటాలనుకుని, ముందు కొండకి అడ్డంగా కందకాలు తవ్వుతున్నారు. తాపీ మేస్త్రీ నీళ్ళ పైపుతో మట్టం చూసి, సున్నంతో గీత గీసి, ఇంటికో వాటా పంచాడు. టీ కొట్టుకి సరిగ్గా పైనున్న వాటా మామయ్యది. టీకి దగ్గరని ఆయనే పట్టుబట్టి తీసుకున్నాడు. అందరి పనీ అయిపోయింది, ఆయన సంగతే తెలియాలి. ఆకాశం చూస్తే నల్లగా ఉరుముతోంది.

"నిజంగా అయిందా మామయ్యా?" అంది కొట్టు నడిపే అక్క. "పోయినేడు బురదంతా నా పొయ్యిలోకొచ్చి కూర్చుంది. కొట్టు మూసుకుని ఏడ్చాను. మళ్ళీ అలా అయితే నావల్ల కాదు."

"నేనుండగా నీ పొయ్యికి భయమేంటి అమ్మాయ్? ఒక టీ ఇవ్వు, చెబుతా. కొండెక్కగానే ముందేం చేశానో తెలుసా? తవ్వలేదు. కొలత తీయకుండా గుడ్డకి కత్తెర పెడతామా? ఈ టేపే, ఇదే, కొండ నడుం చుట్టూ తిప్పా. సరిపోయింది. ఎందుకు సరిపోయిందంటే కొండ ఊపిరి బిగబట్టింది! నా దగ్గరికొచ్చే లావుపాటివాళ్ళంతా చేసే పనే. 'వదిలెయ్ తల్లీ, తర్వాత గుండీలు తెగితే నన్నంటావు' అన్నా. వదిలింది. పొద్దున పెద్ద గాలొచ్చి నీ ఆటో టాపు లేచిందే, అది ఆ గాలే."

"అదా సంగతి! నేను తుపానేమో అనుకున్నా," అన్నాడు డ్రైవరు.

"మరి పైపు లేకుండా మట్టం ఎలా చూశావు?" మేస్త్రీకి తన పని గురించి అయ్యేసరికి ఉండబట్టలేదు.

"పైపు నీకు కావాలి మేస్త్రీ, నాకెందుకు? నిండు టీ గ్లాసు నెత్తిన పెట్టుకుని నడిచా. చుక్క తొణికితే అది మట్టం కాదన్నమాట. తొణకలేదు. ఆ చివరికెళ్ళి తాగేశా, ఇంకా పొగలు కక్కుతోంది. అప్పుడెత్తానయ్యా గడ్డపార, ఒక్క పోటు! నేల ఎంత గట్టిదంటే అది బంతిలా ఎగిరి పైకి పోయింది. ఇక రాదేమోనని కూర్చుని చొక్కాకి గుండీ కుట్టుకుంటున్నా, అప్పుడు దిగింది. పట్టుకుని చూద్దును కదా, మొనంతా తడి! మబ్బుని పొడిచొచ్చింది!"

"అయితే ఈ మబ్బు..." డ్రైవరు పైకి చూశాడు.

"అదే మబ్బు. నా మీద కోపంతో మనుషుల్ని వెంటేసుకొచ్చింది. సరే, ఆ తడికి నేల మెత్తబడింది, ఇక నా చెయ్యి ఆగితేనా! కందకం కొండ చుట్టూ తిరిగి బయల్దేరిన చోటికే వచ్చింది. చెంబెడు నీళ్ళు పోశా. ఎటు పారాలో తెలియక నిలబడిపోయాయి పాపం, అంత సమం. 'ఎటూ పోకండి, కిందికి ఇంకండి, వేళ్ళకి పనికొస్తారు' అని నేనే సర్దిచెప్పా. ఇక వాన చీల్చిన గండ్లున్నాయి కదా, వాటికి మీరు రాళ్ళు పేర్చారు. నేను కుట్టేశా. కుట్టు కనపడదు, వెళ్ళి వెతుక్కోండి. ఒకచోట దారం కాస్త గట్టిగా లాగానేమో, కొండ ముడతపడి అవతల మేస్తున్న రెండు మేకలు ఇవతల పడ్డాయి."

"ఇన్నేళ్ళుగా కొట్టుకుపోయిన మట్టి సంగతేంటి మామయ్యా?" అని అడుగుతూనే అక్క ఎంగిలి గ్లాసులు తీసుకుని కడగడానికి కొట్టు వెనక్కి వెళ్ళింది.

"బాగా అడిగావు! సముద్రం దాకా వెళ్ళొచ్చా."

"ఎప్పుడు?" అన్నాడు మేస్త్రీ.

"మధ్యలో. ఒడ్డున నిలబడి కేకేశా: 'మా కొండ మట్టి ఎవరెవరో లేవండి, ఇంటికి పోదాం!' ఎర్రగా బారుతీరి నా వెనకే నడిచొచ్చింది. దారిలో ఇంకో కొండ మట్టి సందు చూసుకుని దూరబోయింది. దర్జీని, రంగు తేడా పట్టలేనా? చెవి పట్టుకుని వెనక్కి పంపా. మనదంతా ఎక్కి దాని చోట్లో అది సర్దుకుంది. కొండ మూరెడు పెరిగింది. ఇక నుంచి విమానాలు పక్కనుంచి పోవాల్సిందే. నమ్మకపోతే ఆ గడ్డపార చూడండి! నిన్న నా ఎత్తుండేది, తవ్వీ తవ్వీ ఎంత అరిగిపోయిందో!"

అప్పుడే అక్క వెనక నుంచి వచ్చింది. గ్లాసులు బోర్లించి, చేతులు తుడుచుకుని, గడ్డపార తీసి మొన పైకి తిప్పింది.

"మామయ్యా, అరగడం సరే, దీని మొనకి షాపువాళ్ళు చుట్టిన కాగితం కూడా ఊడలేదే. వెనకాల నీ వాటా మీద సున్నం గీత ఇంకా ముగ్గులా తెల్లగా ఉంది. దాని మీద మా పిల్లి పడుకుని నిద్రపోతోంది."

డ్రైవరు తాగుతున్న టీ పొలమారింది. మేస్త్రీ బల్ల చరిచి మరీ నవ్వాడు. మామయ్య ఏదో చెప్పబోయి నోరు తెరిచాడు. ఇంతలో కొట్టు రేకు మీద ఒక చినుకు టప్పున పడింది. తర్వాత ఇంకోటి. నవ్వులు ఆగిపోయాయి. అక్క పొయ్యి వైపు చూసింది. ఆ చూపు మామయ్యకి కనిపించింది.

"నీ కందకం చాలా బాగుంది మామయ్యా," అంది అక్క మెల్లగా. "దాన్ని కాస్త నా పొయ్యి పైకి జరుపు."

మామయ్య లేచాడు. మెడలో టేపు తీసి మేకుకి తగిలించి, అక్క చేతిలో గడ్డపార అందుకుని కొట్టు వెనక్కి నడిచాడు. మేస్త్రీ, డ్రైవరు చెరో పార పట్టుకుని ఆయన వెనకే పరిగెత్తారు.

అక్క పొయ్యి ఆర్పలేదు. అందరికీ సరిపడా టీకి నీళ్ళు పెట్టింది. వెనక నుంచి ముందు పిల్లి అరుపు, తర్వాత రాయికి ఇనుము తగిలిన చప్పుడు, ఆ వెంటనే మామయ్య గొంతు వినిపించాయి.

"చూశావా అల్లుడూ, గడ్డపార ఎలా ఎగిరిందో!"

"చూశాను మామయ్యా, నా కాలి పక్కనే పడింది. తవ్వు!"