రెండో పార్టు వచ్చేదాకా

రాజమండ్రి, 2002. దసరా వెళ్ళాక ఒక సాయంత్రం, సీడీల షాపులో డిగ్రీ చదివే స్నేహితులిద్దరు, దుర్గాసాయి, గణేష్‌బాబు. కౌంటర్ వెనక షాపు యజమాని పల్లంరాజు.

“ఆగుదాంరా గణేష్. రెండో పార్టు వస్తోందంట కదా.”

“మళ్ళీ అదే మాట. వేసవి నుంచీ పార్కులు కట్టే గేమ్, పార్కులు కట్టే గేమ్ అని నా బుర్ర తిన్నది నువ్వు కాదా సాయీ? తీరా సీడీ వస్తే ఆగుదామంటావేంటి?”

“అప్పుడు రెండో పార్టు సంగతి తెలీదు.”

“పల్లంరాజు గారూ, మీరు చెప్పండి. అదెప్పుడొస్తుందండి?”

“ఏం చెప్పగలం బాబూ. బయట దేశాల్లో వచ్చేసిందంటున్నారు. మద్రాసు దిగి, విజయవాడ దాటి, మన దాకా రావాలంటే కొత్త సంవత్సరం వెళ్ళిపోద్ది. ఇదైతే చేతిలో ఉంది. ఒక్కటే మిగిలింది.”

“విన్నావా? తీసుకుందాం. ఇప్పుడే మీ ఇంటికెళ్ళి ఎక్కించేద్దాం. జెయింట్ వీల్ నువ్వు కట్టు, టికెట్లు నేను చూసుకుంటాను.”

“ఇవాళ వద్దు.”

“రేపు?”

“రేపూ వద్దు. కొత్తదాంట్లో బొమ్మలు ఇంకా బాగుంటాయంట. ఇది కొనుక్కుని ఏం చేసుకుంటాం?”

“సాయీ, ఇటు చూడు. దసరా నుంచీ చూస్తున్నాను. మీ ఇంటికొస్తానంటే చాలు, నాన్నగారికి ఒంట్లో బాలేదంటావు. నిన్న ఆయన గోదావరి గట్టు మీద కనిపించారు. నాకంటే హుషారుగా నడుస్తున్నారు.”

“కంప్యూటర్ పాడైందిరా.”

“ఆ మాట ముందే చెప్పొచ్చు కదా. ఏమైంది?”

“సీడీ డ్రైవ్ పోయింది.”

“ఎలా?”

“ఎలా ఏంటి, పోయింది. వోల్టేజీ.”

“వోల్టేజీకి డ్రైవ్ ఒక్కటే పోతుందా?”

“ఎలకలేమో.”

“వోల్టేజీయా, ఎలకలా?”

“చీమలు.”

“చీమలేంట్రా?”

“మెల్లిగా. ఆయన వింటున్నారు.”

“నేనేం వినట్లేదు బాబూ. మీరు మాట్లాడుకోండి.”

“నవ్వనంటే చెప్తాను గణేష్.”

“నవ్వను. చెప్పు.”

“ఆయుధ పూజ నాడు అమ్మ నాన్నగారి స్కూటర్‌కీ, తన కుట్టు మిషన్‌కీ బొట్లు పెట్టి, కంప్యూటర్‌కి కూడా పెట్టింది. అంతవరకూ బానే ఉంది. పేరంటాళ్ళందరూ వచ్చి కూర్చున్నారు. వాళ్ళ ఎదురుగా బటన్ నొక్కి, సీడీ ట్రే బయటికి రప్పించి, అందులో చలిమిడి ముద్ద పెట్టింది. మళ్ళీ నొక్కింది. అది లోపలికెళ్ళిపోయింది. ‘చూశారా, అమ్మవారు తీసుకుంది’ అని అందరికీ చూపించింది.”

“ఆ ట్రేలోనా?”

“నవ్వవేంట్రా? నవ్వుతావనే ఇన్నాళ్ళూ చెప్పలేదు.”

“నవ్వనన్నాను కదా. తర్వాతేమైంది?”

“ఏముంది, తెల్లారేసరికి డ్రైవ్ నిండా చీమలు. కానీ నాకు సిగ్గు దానికి కాదురా. నేనన్న మాటకి.”

“ఏమన్నావు?”

“వదిలెయ్.”

“సాయీ, ఏమన్నావు?”

“పేరంటాళ్ళందరి ముందూ అన్నాను. ‘చదువూ సంధ్యా లేనిదానివి, వంటింట్లో పడుండక దీని జోలికెందుకొచ్చావు’ అని. మా అమ్మనిరా. అరిచి మరీ అన్నాను.”

“పిన్నిగారేమన్నారు?”

“అందరికీ తాంబూలాలిచ్చి పంపించింది. అప్పట్నుంచీ నా గది ఊడుస్తుంది, కంప్యూటర్ బల్ల దగ్గరికొచ్చేసరికి చీపురు ఆపేస్తుంది. దాని చుట్టూ దుమ్ము అలాగే ఉంటోంది. నేను తుడుచుకోవచ్చు. చెయ్యి రావట్లేదు.”

“తప్పైపోయిందమ్మా అని ఒక్క మాట అనొచ్చు కదరా.”

“రోజూ అందామనే అనుకుంటాను. అన్నం వడ్డించడానికి వస్తుంది. తలొంచుకుని తినేసి లేచిపోతాను. ఆవిడ మొహం చూడలేకపోతున్నాను. ఇంక నువ్వొచ్చి ఆ గదిలో కూర్చుంటే, కాఫీ పట్టుకుని గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. ఎందుకని నువ్వు అడుగుతావు. అప్పుడు నేనేం చెప్పను?”

“బాబూ, ఇంతకీ సీడీ ఇమ్మంటారా, లోపల పెట్టెయ్యమంటారా?”

“ఒక్క నిమిషం పల్లంరాజు గారూ. సాయీ, ట్రేలో పెట్టమని పిన్నిగారికి ఎవరో ఒకరు చెప్పే ఉంటారు కదా. అడగలేదా?”

“అడగకేం. పక్కింటి కనకరత్నం గారు కూడా అడిగారు, నీకిది ఎవరు నేర్పారమ్మా అని. ‘ఎవరూ చెప్పలేదండి, నాకే తోచింది’ అంది. నీకు ఇలాంటివి తప్ప ఇంకేం తోస్తాయి అని ఆ మాటకి ఇంకో మాట కూడా అన్నాను.”

“నాకే తోచింది అన్నారా? ఆ మాటే అన్నారా?”

“ఆ మాటే. ఏం?”

“నా గురించేమైనా అన్నారా?”

“నీ గురించా? నిన్న కూడా అడిగింది, గణేష్‌బాబు రావట్లేదేంటి అని. ఆ పార్కు ఆట కొన్నాక వస్తాడా, వస్తే వాడికిష్టమని పాలకోవా చేస్తాను అంది. అలా ఉన్నావేంట్రా?”

“పల్లంరాజు గారూ, సీడీ లోపల పెట్టెయ్యండి. రెండో పార్టు వచ్చాక చూస్తాం.”

“ఇందాకటి నుంచీ ఇప్పుడే కావాలని గొడవ చేసింది నువ్వే కదరా?”

“పద, మీ ఇంటికెళ్దాం. పిన్నిగారితో మాట్లాడాలి.”

“తప్పు చేసింది నేనైతే మధ్యలో నువ్వేం మాట్లాడతావు?”

“వినాయకచవితికి మీ ఇంటికొచ్చినప్పుడు, నువ్వు స్నానానికెళ్ళావు. ఆవిడ నాకు కాఫీ తెచ్చిచ్చి, కంప్యూటర్లోంచి బయటికొచ్చే ఆ పళ్ళెం దేనికి బాబూ అని అడిగారు. నైవేద్యానికి పిన్నిగారూ, పెడితే దానంతటదే తీసుకుంటుంది అన్నానురా. ఊరికే, నవ్వుకుందామని అన్నాను.”