మంగళవారం వెలిగిన పచ్చ దీపం

లెబనాన్‌లో త్రిపోలీ పక్కన మినా రేవు. ఆగస్టు మధ్యాహ్నం కరెంటు పోయి, ఒక పాత మేడలో లిఫ్టు నాలుగో అంతస్తుకీ అయిదో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది. లోపల ఇద్దరున్నారు.

"నొక్కకండి పిన్నీ. ఎన్నిసార్లు నొక్కినా అంతే."

"నొక్కడానికే కదా నాయనా ఎర్ర బొత్తాం పెట్టింది. నొక్కితే వాచ్‌మన్ అబూ షాదీ ఫోను మోగుతుందన్నావు, బిగించిన రోజున. అందర్నీ పిలిచి మరీ చూపించావు."

"మోగాలి."

"మోగాలా, మోగుతుందా?"

"ఇంకోసారి అరవండి. మీ గొంతు నాకన్నా పెద్దది."

"అరిచి అరిచి నాలుక పిడచగట్టింది నిజార్. అరిస్తే మాత్రం వినేవాళ్ళెవరు? ఎండలకి అందరూ కొండ మీది ఊళ్ళకి పోయారు. మేడలో మిగిలింది నువ్వూ, నేనూ, మంచంలో మా అత్తమ్మా. అబూ షాదీ కింద నేలమాళిగలో నీళ్ళ మోటారు పక్కన చల్లగా నిద్రపోతుంటాడు."

"జనరేటర్ వాడు సాయంత్రం దాకా వెయ్యనన్నాడు. డీజిల్ లేదట."

"అయితే సాయంత్రం దాకా కూర్చుందాం. కూర్చో."

"కూర్చోడమేంటి పిన్నీ, ఈ ఉక్కలో?"

"మీ నాన్న, దేవుడు ఆయన్ని స్వర్గంలో చల్లగా చూడాలి, రంజాన్‌లో ఒకసారి ఇదే లిఫ్టులో ఇరుక్కున్నాడు. జేబులో ఉన్న ఒక్క ఖర్జూరంతో ఉపవాసం ఇక్కడే విప్పాడు. నీలాగా గింజుకోలేదు."

"మీరసలు ఎక్కడికి బయల్దేరారు? నాలుగులో ఎక్కి పైకి నొక్కారు. పైన డాబా తప్ప ఏముంది?"

"గాలికి."

"ఇంత ఎండలో డాబా మీదకి గాలికా?"

"నువ్వెందుకు పోతున్నావో చెప్పు ముందు."

"నా రౌటర్ ఉంది కదా పైన. దానితో చిన్న పని."

"ఏం పని?"

"చిన్న పనే."

"చిన్న పనికి అంత పెద్ద సంచీ ఎందుకో. సరే, ఫోన్లో అబూ షాదీకి కబురు పెట్టు."

"ఈ ఇనప డబ్బాలో టవర్ సిగ్నల్ ఎక్కడిది? బయటి ఇంటర్నెట్టూ కరెంటుతోపాటే పోయింది. పైన రౌటర్‌కీ ఈ బొత్తానికీ బ్యాటరీ ఉంది కాబట్టి మన వీధి ఇళ్ళ మధ్య నేను వేసిన లైను ఒక్కటే పనిచేస్తోంది. ఆ బొత్తాం కబురు పోయేదీ దాని మీదే."

"పనిచేస్తుంటే మోగాలిగా మరి?"

"ఉక్కగా లేదూ?"

"మాట దాటెయ్యకు."

"కబురు దారిలోనే పోతోంది పిన్నీ. మధ్యలో మింగేస్తోంది."

"ఎవరు?"

"నా రౌటరే."

"విడమరిచి చెప్పు. నీకు పాలసీసా పట్టిన చేతులివి, నాకు అర్థం కాకపోదు."

"సరే. బొత్తాం నొక్కితే కబురు అబూ షాదీ ఫోనుకి చేరాలి. ఆ ఫోను ఎక్కడుందో లైనుకి తెలీదు, నంబరొక్కటే తెలుసు. అందుకని అందరికీ వినపడేలా కేకేస్తుంది, ఈ నంబరు ఎవరిదీ అని. ఎవరిదో వాళ్ళు 'నాది' అంటారు. అన్నవాళ్ళ చేతికి కబురు ఇచ్చేస్తుంది."

"దారిన పోయే దానయ్య ఎవడో 'నాది' అంటే?"

"వాడికే ఇస్తుంది."

"కార్డు చూపించమనదా?"

"అనదు. నమ్మేస్తుంది."

"అయితే మన ఊళ్ళో పుట్టిన వస్తువు కాదన్నమాట."

"నవ్వకండి. మంగళవారం రౌటర్‌లో కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించా. నేనే రాశా. ఎదురు మేడ వాళ్ళకి మన కేక వినపడదు, మధ్యలో వీధి అడ్డం. అందుకని వాళ్ళ బదులు రౌటర్‌నే 'నాది' అనమన్నా. కబురు పుచ్చుకుని వాళ్ళకి అందించమన్నా. వాళ్ళకి మాత్రమే అనమన్నా. అదేమో ఊరందరి బదులూ తనే పలుకుతోంది. అబూ షాదీది ముసలి ఫోను. అది నోరు తెరిచేలోపు ఇది 'నాది నాది' అని కబురు లాక్కుంటోంది. ఆనక ఎవరికివ్వాలో తెలీక పారేస్తోంది."

"అందుకేనా మూడో అంతస్తు అమ్మాయి, కబుర్లు అందట్లేదని, మొన్న ఊరెళ్తూ నీమీద విరుచుకుపడింది."

"అందుకే. అది సరిచెయ్యడానికే పైకి పోతున్నా."

"ఓహో."

"ఇక్కణ్ణుంచి కూడా ఆపొచ్చు. నా ఫోను రౌటర్‌ని అందుకుంటోంది, ఇదిగో."

"మరి ఇందాకట్నుంచీ ఎందుకు ఆపలేదు?"

"మీరెందుకు ఆ ఫోను అలా గుండెకి అదుముకున్నారు?"

"వీధి పేజీ చూసుకుంటున్నా. నువ్వు చేసిందే. అందరి పేర్లూ, పక్కన దీపాలూ. మనిషి ఫోను వీధిలో ఉంటే పచ్చ, లేకపోతే ఎరుపు. మీ ఫవాజ్ బాబాయి పేరు పక్కన ఏముందో చూడు."

"చూశాను పిన్నీ."

"మళ్ళీ చూడు."

"పచ్చ."

"మంగళవారం నుంచి పచ్చ. చలి తగ్గీ తగ్గగానే బతుకుతెరువుకని దొంగ పడవెక్కిన మనిషి. ఆ పడవ మునిగిందని చెప్పినవాడు లేడు, సైప్రస్ చేరిందని చెప్పినవాడూ లేడు. ఇప్పుడు ఆయన ఫోను వీధిలోకొచ్చింది. అంటే మనిషొచ్చాడు. డబ్బూ పోయి, పరువూ పోయి, మొహం చెల్లక ఎక్కడో దాక్కున్నాడు. అవునా, కాదా?"

"నీళ్ళ సీసా కూడా తెచ్చుకోలేదు నేను."

"అవునా, కాదా నిజార్?"

"మంగళవారం అని మీరే అన్నారు."

"అన్నాను."

"నేనూ ఇందాక మంగళవారమే అన్నాను."

"ఎవరి మంగళవారం వాళ్ళది."

"పిన్నీ, ఆ దీపం కూడా అలాగే వెలుగుతుంది. పేజీ అదే కేక వేస్తుంది, ఫవాజ్ నంబరు ఎవరిదీ అని. ఎవరో ఒకరు 'నాది' అంటే పచ్చ. మరి నా రౌటర్—"

"చాల్లే."

"అదే అంది, నాదీ అని."

"చాలన్నానా?"

"మంగళవారమే మీకు చెప్పాల్సింది. మీ మొహం చూసి నోరు రాలేదు. నిన్న మెట్ల దగ్గర పాట పాడుతున్నారు మీరు. పడవ పోయింతర్వాత మీ పాట వినడం నిన్ననే."

"దాని సంగతి వదిలెయ్. నువ్వు దాన్ని ఆపితే ఏమవుతుంది?"

"ఇక్కడ లేనివాళ్ళ దీపాలన్నీ ఎర్రబడతాయి."

"అబూ షాదీ ఒక్కడికే ఆపు."

"ఒక్కొక్కరికి ఆపే వీలు ఇంకా రాయలేదు. ఆపితే అందరికీ ఆగుతుంది."

"అయితే ఆపకు."

"నాకు ఊపిరాడట్లేదు పిన్నీ."

"తలుపు సందులో ముక్కు పెట్టు."

"సాయంత్రం దాకానా?"

"సాయంత్రం దాకా. కరెంటొస్తే దీని జోలికి పోకుండానే దిగిపోతాం. నీ గడ్డం పట్టుకుని అడుగుతున్నా, ముట్టుకోకు."

"అది అబద్ధపు దీపం."

"అబద్ధమో నిజమో, వెలుగుతోందిగా. నీ సొమ్మేం పోయింది?"

"మీరిలా మాట్లాడుతుంటే భయమేస్తోంది నాకు. సరే. సరే, ముట్టుకోను. కూర్చుంటా."

"బంగారు తండ్రి."

"ఏదో మాడుతోంది."

"లేదు."

"మాడుతోంది పిన్నీ. కింద నుంచి. మీ అంతస్తు నుంచే."

"వైర్లేమో."

"వైర్లు కాలిన వాసన నాకు తెలీదా? ఇది తిండి వాసన."

"నీళ్ళు బాగానే పోశానే."

"దేన్లో?"

"ముజద్దరా. పప్పూ బియ్యం కలిపి సన్న సెగ మీద పెట్టాను. చిటికెలో వస్తానని తలుపు లాగి వచ్చాను."

"గ్యాసు వెలుగుతోందా? లోపల మామ్మ ఒక్కత్తే ఉందా?"

"కరెంటు వచ్చేదాకా ఆగుతుందనుకున్నా."

"ఆవిడ మంచం దిగలేదు పిన్నీ. ఇంతసేపూ నోరు మూసుకుని కూర్చున్నారా?"

"లోలోపల చస్తూనే కూర్చున్నా. నువ్వేం చెప్పక్కర్లేదు."

"ఆపమంటారా? నా అంతట నేను ఆపితే జన్మలో నన్ను క్షమించరు మీరు. మీ నోటితో చెప్పండి."

"నన్నడుగుతావేంట్రా?"

"మిమ్మల్నే అడగాలి."

"పొగేనా అది?"

"పొగే. సందులోంచి వస్తోంది."

"ఆపెయ్."

"పిన్నీ—"

"ఆపెయ్యమన్నానా. చెవుడా నీకు?"

"ఆపాను. ఇప్పుడు బొత్తాం నొక్కండి."

"ఎర్రబడుతున్నాయి నిజార్."

"బొత్తాం, పిన్నీ."

"పైనుంచి కిందకి ఒక్కొక్కటే. ఇదిగో, ఆయనది."

"జరగండి, నేను నొక్కుతా. మోగు, మోగు, నీకు పుణ్యముంటుంది."

"అదిగో, మోగుతోంది. కింద, వింటున్నావా?"

"ఎవరయ్యా లిఫ్టులో? కరెంటు లేనప్పుడు ఎక్కొద్దని ఎన్నిసార్లు మొత్తుకోవాలి?"

"అబూ షాదీ, నేను నిజార్‌ని. లిఫ్టు సంగతి తర్వాత. ముందు నాలుగో అంతస్తుకి పరిగెత్తు, వదాద్ పిన్ని ఇంటికి. పొయ్యి వెలుగుతోంది."

"తాళంచెవి చెప్పుల పెట్టె కింద ఉంది అబూ షాదీ. కిటికీలన్నీ తెరిచెయ్. నీ బిడ్డలు చల్లగుండాలి, త్వరగా."

"పోతున్నాడు పిన్నీ. మెట్లు ఎక్కుతున్నాడు. వినండి."

"తలుపు తీశాడా?"

"తీశాడు. ఏడవకండి."

"ఏడవట్లేదు."

"వదాద్ అమ్మా, పొయ్యి ఆర్పేశాను. గిన్నె బొగ్గయింది, అంతే. పెద్దావిడ దగ్గుతోంది గానీ బాగానే ఉంది."

"దేవుడా. నీళ్ళు పట్టించు నాయనా కొంచెం."

"పట్టించాను. తలుపు చప్పుడు వినగానే లేచి కూర్చుంది. ఫవాజ్ వచ్చాడా అని అడుగుతోంది నన్ను. ఏం చెప్పను?"

"నేనొచ్చి చెప్తానను."

"సరే. డాబా ఎక్కి లిఫ్టు చక్రం చేత్తో తిప్పి మిమ్మల్ని దింపుతా. కదలకండి లోపల."

"పిన్నీ, మామ్మకి కూడా చెప్పారా దీపం సంగతి?"

"నువ్వెప్పుడైనా ఆ పేజీ చివరిదాకా చూశావా నిజార్?"

"చివర ఏముంది?"

"మీ నాన్న పేరు. నీకు తీసెయ్యడానికి చెయ్యి రాలేదు కాబోలు. మంగళవారం అదీ పచ్చగానే వెలిగింది. ఆయన పోయినప్పుడు జనాజాకొచ్చిన వాళ్ళకి చేదు కాఫీ పోసింది నేనే కదా. ఇదేదో నీ పెట్టె చేస్తున్న గారడీ అని నాకు ఆ రోజే తెలుసు."

"తెలుసా? మరి ఫవాజ్ బాబాయి దాక్కున్నాడన్నారు, పైకి బయల్దేరారు..."

"సంచీతో వస్తున్న నిన్ను కిటికీలోంచి చూసి, దాన్ని బాగుచెయ్యొద్దని అడగడానికే బయల్దేరాను. పడవ పోయినప్పట్నుంచీ నోట్లో గంజి పోస్తే ఉమ్మేస్తోంది అత్తమ్మ. ఆ దీపం చూపించాక ఇవాళ మొదటిసారి తిండి మాటెత్తింది. ముజద్దరా వండు, నా కొడుకు ఆకలితో వస్తాడు, వాడితో కలిసి నేనూ తింటానంది."