నాంచారమ్మ గేదె, పదకొండు రోజుల మైల

అన్యాయం జరిగింది నాంచారమ్మకి. ఎప్పుడంటే, వరి పొట్టకొచ్చిన రోజుల్లో, వాళ్ళమ్మ ఆదెమ్మ పోయిన మూడో నాడు. ఆదెమ్మ కాగితం ముక్క రాయలా, ఒక మాట చెప్పలా. పిడకలు చరుస్తా చరుస్తా కూలబడిపోయిందంట. ఉన్నదల్లా రెండు ఇత్తడి బిందెలు, ఒక మంచం, ఒక చూడి గేదె. బిందెలు కొడుకులు పోలయ్య, యోగయ్య చెరొకటి తీసుకున్నారు. మంచాన్ని చెరోవైపు పట్టుకుని లాగితే పట్టె విరిగింది, అట్టా వొదిలేశారు. ఇంక గేదె. అది అసలు నాంచారమ్మదే అనుకో. దూడప్పుడు మేపలేక, "అమ్మా, నువ్వు మేపు, పాలు నువ్వు తాగు, గేదె మాత్రం నాది" అని తల్లికి అప్పజెప్పింది. ఆ మాట విన్నది తల్లొక్కతే. ఆ తల్లి పోయింది.

"గేదె నాది అన్నా" అంటే పోలయ్య, సాక్ష్యం యాడుంది అన్నాడంట. పెళ్ళయ్యి పక్క బజారుకి పోయినదానివి, నీ ఇంటిపేరు వేరు, నీకు మూడ్రోజులే మైల, మాకు పదకొండు, ఈ ఇంటిదానివైతే గదా ఈ ఇంటి సొమ్ము అడిగేది! కులపెద్ద వీరరాఘవులూ అదే అన్నాడు, నోట్లో చుట్ట అయినా తియ్యకుండా. నాంచారమ్మ ఏడవలా. "మావా, ఆ మాట పదిమందిలో ఇంకోసారి చెప్పు" అంది. చెప్పాడు. తలకి పోసుకుని తనింటికి పోయింది.

ఏమైందంటే, ఐదో నాడు గేదె ఈనింది. మాలో తొలిపాలు పుట్టలో పోసిందాకా ఇంట్లో ఎవురూ ముట్టుకోకూడదు. మైలవాళ్ళు పుట్ట దగ్గరికి పోకూడదు, పోసే పాలు పిండకూడదు. దూడ తాగింది తాగినా పొదుగు రాయైపోయి గేదె ఒకటే అరుపు. పక్కింటావిడ పిండబోతే ఒక్క తన్ను తన్నింది. ఆవిడ ఇప్పటికీ కుంటుద్ది. అది పొదుగు మీద చెయ్యి పడనిచ్చేది ఇద్దరిదే, ఆదెమ్మదీ నాంచారమ్మదీ. యోగయ్య పరుగెత్తాడు.

"అక్కా, నీకు మైల తీరిందిగా, వొచ్చి పిండు."

"ఏ వరసన రమ్మంటావురా? ఆ ఇంటిదాన్నైతే నాకూ పదకొండు రోజుల మైలే, పిండకూడదు. పరాయిదాన్నైతే పరాయోళ్ళ గేదెతో నాకేం పని?"

ఈసారి అన్నదమ్ములిద్దర్నీ వెంటబెట్టుకుని వీరరాఘవులే వొచ్చాడు, చుట్ట పారేసి. ఏం కావాలమ్మా అన్నాడంట. "ఏమొద్దు మావా. పుట్టలో పాలు పోసేటప్పుడు గేదె ఎవరిదో పేరు చెప్పాలి గదా. నా పేరు చెప్పుకుంటా. మీరు ముగ్గురూ దూరాన నిలబడి వినండి." పోలయ్య తమ్ముడి చెవిలో, చెప్పుకోనీరా, నోటిమాటేగా, మైల తీరాక తోలుకొద్దాం అన్నాడు. చెవిలో మాట నాకెట్టా తెలుసంటారా? యోగయ్య పెళ్ళాం మా పిన్ని కూతురు.

నాంచారమ్మ పిండింది. పుట్టకాడ నిలబడి, "ఇది నాంచారమ్మ గేదె, అబద్ధమైతే నా కళ్ళు పోవాల" అని గట్టిగా చెప్పి పాలు పోసింది. గేదెనీ దూడనీ తనింటికే తోలుకుపోయింది.

పన్నెండో నాడు అన్నదమ్ములు పలుపు పట్టుకుని వొచ్చారు. "తోలుకుపోండి" అందంట నాంచారమ్మ. "పోతా పోతా పుట్టకాడ ఆగి, గేదె మాది, కాకపోతే మా కళ్ళు పోవాలని చెప్పి పోండి."

"నువ్వు పెద్దోడివి, నువ్వు చెప్పన్నా."

"నువ్వే చెప్పరా, నీ కళ్ళు బాగుంటాయి."

వొట్టి పలుపుతో పోయారు. దేవుడే న్యాయం చేశాడంటారు మావాళ్ళు. దేవుడేం చేశాడు, పుట్టలోంచి తలైనా బయట పెట్టలా. నాంచారమ్మ కూడా దేవుడి మీద వొదిలెయ్యలా. తెల్లారగానే వీరరాఘవుల్ని వెంటబెట్టుకుపోయి, గేదే దూడా తనవేనని పంచాయతీ పుస్తకంలో రాయించి, ఆయన చేత వేలిముద్ర వేయించింది. తేదీ కూడా ఉంది, నేను చదివా: పంతొమ్మిది వందల డెబ్బై ఒకటి, అక్టోబరు ఇరవై ఏడు, బుధవారం.