మార్తమ్మ మూడో సూది

ఒకరికి చప్పట్లు మోగుతుంటే మీలో ఎవరికైనా కడుపు మండిందా? చేయెత్తండి! ఎవరూ ఎత్తరేం? సరే, నేనెత్తుతున్నాను.

అధ్యక్షులు చెన్నకేశవులు గారికి, పెద్దలకు, ధౌలా కువాన్ నుంచి రెండు బస్సులు మారి వచ్చిన విద్యార్థులకు, ఇవాళ ఆసుపత్రి ఉద్యోగం విరమిస్తున్న నర్సు మార్తమ్మ గారికి వందనాలు. పదిహేనేళ్లుగా ఢిల్లీలోని ఈ తెలుగు మందిరంలో వాక్యం చెబుతున్నాను; ఇందాక ఆమెకు కప్పినలాంటి శాలువా నా భుజాన ఎవరూ కప్పలేదు. (నవ్వులు) నవ్వండి. నేను మూడు గంటలు మోకాళ్ల మీద ప్రార్థించి లేస్తే, ఆదివారం సాక్ష్యంలో తల్లులు ‘మార్తమ్మ సూది వేసింది, బిడ్డ తేరుకున్నాడు’ అనేవారు. బైబిల్లో, స్త్రీల పాటలో తనకంటే కుర్రవాడికి ఎక్కువ కీర్తి దక్కిందని ఈటె అందుకున్న ఆ రాజు మీకు తెలుసు. నా ఈటె నా నాలుక. మొన్న ఈస్టరు నాడు ఇదే బల్ల గుద్ది, ‘దేవుణ్ణి ఒక్కసారి అడిగితే చాలదా? బిడ్డకు టీకా అంటూ మూడు సూదులెందుకు?’ అన్నాను. పదకొండుమంది తల్లులు మొదటి సూదితో ఆపేశారు.

‘అంకుల్, ఆప్‌నే తో మనా కియా థా!’ అంటోంది వెనక నుంచి ఆ తల్లుల్లో ఒకతె, రెబ్కా. అవునమ్మా, నేనే వద్దన్నాను. కోరింత దగ్గుతో ఆమె బాబు నీలంగా మారిపోయాడు. దేవుడి దయ, ఇవాళ తల్లి ఒడిలో ఉన్నాడు.

బాబును ఆసుపత్రిలో చేర్చిన రోజు మార్తమ్మ నన్ను తిట్టలేదు, తిడితే బాగుండేది. లేబరేటరీలో మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది.

‘చూడండి జాన్‌బాబు గారూ, ఈ తెల్లకణాల్లో కొన్ని రోగక్రిమిని పట్టుకునే యాంటీబాడీలు చేస్తాయండి. మొదటి సూదికి కొంచెమే చేస్తాయి, కానీ కొన్ని ఆ క్రిమిని గుర్తు పెట్టుకుంటాయి. రెండోది, మూడోది పడేసరికి గబగబా బోలెడన్ని వచ్చేస్తాయి. మీరు మాత్రం ఒకే వాక్యం ప్రతి ఆదివారం చెప్పరేంటండీ? ఒక్కసారికే మా తలకెక్కుతుందా?’

సభాముఖంగా ఒప్పుకుంటున్నాను, పశ్చాత్తాపం కంటే ముందు నాకు అసూయే కలిగింది: ఇంత చక్కని ఉపమానం నాకు తట్టలేదే అని! (నవ్వులు) మన నెత్తురులో కాపలా పెట్టినవాడి గురించి నేను పదిహేనేళ్లు అరిచాను. ఆ కాపలాను కళ్లారా చూసింది ఆమె. ఇప్పటికీ మండుతూనే ఉంది.

రేపు ఆమె బాపట్ల రైలెక్కుతుంది. పక్క గదిలో ఐసు పెట్టెలో టీకా మందు ఉంది. మళ్లీ మొదటి నుంచి అక్కర్లేదట, ఆపిన చోటు నుంచే మొదలుపెట్టవచ్చట. ఓపికగా విన్నందుకు కృతజ్ఞతలు, ఇక సెలవు తీసుకుంటాను. భోజనాలు ఆగుతాయి, ఐసు ఆగదు. అమ్మలారా, నా మాట విని ఆపినవాళ్లు నా మాట మీదే లేవండి, బిడ్డల్ని ఎత్తుకోండి, ఇవాళే, ఇప్పుడే పదండి!