వణుకు వేషం

అన్యాయం మేడం, పట్టపగలు అన్యాయం! ఆ కళ్లజోడు పిల్ల జవాబు మీద అంత పెద్ద ఎర్ర ఇంటూ ఎలా కొట్టారు? పరీక్ష పెట్టేది మీరే కావొచ్చు. మంచం మీదున్న రోగిని నేను. రోగి మాట వినరా?

సరే, నిజం రోగిని కాను. అద్దె రోగిని. మీ నర్సింగ్ కాలేజీ ప్రాక్టికల్స్‌కి నరాల జబ్బులన్నీ నేనే కదా! ఒకప్పుడు నేను రాజు వేషం కడితే ముందు వరసవాళ్లు లేచి నిలబడేవారు. వెనక వరసవాళ్లూ లేచేవారు... ముందువాళ్లు అడ్డమొచ్చారని. నవ్వకండి.

పోయినసారి పక్షవాతం ఎలా వేశాను? మూతి ఓ పక్కకి జారింది, చెయ్యి తడి గోనెసంచిలా వేలాడింది, నుదురు మాత్రం రెండు పక్కలా ముడతలు పడింది! మెదడు దెబ్బతింటే నుదురు కదులుతుంది, ఒట్టి ముఖం నరమే చచ్చుబడితే ఆ పక్క నుదురూ కదలదు. అంత తేడా చూపించడం ఎవడి తరం? ఊడ్చే అక్క హడలిపోయి అంబులెన్స్ పిలిచింది. నన్ను ఎక్కించేశారు కూడా. "నేను నటుణ్ణి" అని అరిచాను. అరవడమూ ముద్దముద్దగానే అరిచాను, పాత్ర వదలకూడదు కదా! "అయ్యో, మతి కూడా పోయింది" అన్నారు.

మూర్ఛ వేసిన రోజు ఓ మహానుభావుడు నా నోట్లో చెంచా దూర్చబోయాడు. కాళ్లూ చేతులూ కొట్టుకుంటూనే ఆ చెంచా లాక్కున్నాను. "నోట్లో ఏమీ పెట్టకూడదు నాయనా, పక్కకి తిప్పి పడుకోబెట్టు" అని చెప్పి, మళ్లీ కొట్టుకున్నాను.

ఏంటి? విషయానికి రావాలా? వస్తున్నా, వస్తున్నా!

ఇవాళ నాకిచ్చింది పార్కిన్సన్స్. చెయ్యి ఒళ్లో ఊరికే ఉన్నప్పుడు వణకాలి, వేళ్లు మాత్రలు చుడుతున్నట్టుండాలి. ఏదైనా అందుకోబోతే వణుకు తగ్గాలి. మీరు చెప్పిందే కదా? ఒళ్లో చెయ్యి ఎలా వణికించానంటే మంచం బోల్టులు ఊడొచ్చాయి!

అప్పుడా పిల్ల "తాతగారూ, కాసిని నీళ్లు తాగండి" అంది. గ్లాసెత్తాను. సగం నీళ్లు చొక్కా తాగింది. ఆ పిల్ల నా చేతినే చూసింది. "ఒళ్లో వణుకు వేరు, గ్లాసెత్తితే వచ్చే వణుకు వేరు. రెండోది పార్కిన్సన్స్‌లా లేదు, డాక్టరుగారికి చూపించాలి" అని రాసింది. మీ కాగితంలో ఉన్నది ఒకటే జబ్బు. అందుకని తప్పు కొట్టేశారు! ఇదీ తప్పితే ఆ పిల్ల చదువు ఇవాళ్టితో సరి. వరండాలో గోడకి ఆనుకుని నిలబడింది, ఏడవడం కూడా మర్చిపోయి.

ఏమంటారు? అతిగా చేశానా? నేనా? నేను తప్పు నటించానని ఒప్పుకుంటే పిల్లకి మళ్లీ పరీక్ష పెడతారా? ఒక్క మాట చాలా?

అలాగే... ఆగండి ఆగండి! గ్లాసెత్తడం రాని నటుణ్ణా నేను? స్టేజీ మీద నేను విషం గిన్నె ఎత్తితే హాలంతా ముక్కు చీదేది! ఒప్పుకోను. ప్రాణం పోయినా ఒప్పుకోను.

అయ్యో, వెళ్లిపోకండి మేడం. ఆ తలుపు కాస్త దగ్గరగా వేయండి.

ఒళ్లో వణుకు నా ప్రతిభ. గ్లాసు దగ్గరది... నేను వేసింది కాదు. ఈమధ్య అదే వస్తోంది. ఇంట్లో చెంబు నేల మీద పెట్టుకుని, వంగి తాగుతున్నా. గుండీలు మా ఆవిడ పెడుతుంది. "రాజులు సొంతంగా గుండీలు పెట్టుకుంటారటే?" అని కోతలు కోశాను. నమ్మిందో, నమ్మినట్టు నటించిందో! ఆవిడా తక్కువ నటి కాదు లెండి. డాక్టరు దగ్గరికెళ్తే దానికో పేరు పెడతాడని వెళ్లలేదు.

ఇంక ఈ మంచం నాకు దక్కదు, తెలుసు. నిజం వణుకున్నవాణ్ణి దొంగ వణుక్కి ఎవరు పెట్టుకుంటారు? పోన్లెండి. రాసుకోండి: ఆ పిల్ల చెప్పింది అక్షరాలా నిజం, ముసలాడికి జబ్బుంది. దాని కిందే ఇదీ రాయండి, పెద్ద అక్షరాల్లో: నటనలో ఏ లోపమూ లేదు!

ఏంటి, సంతకమా?

వేలిముద్ర తీసుకోండి మేడం.