సబ్ ఠీక్ అంటే ఇంటికొచ్చేసే సాబ్

ఈ పొద్దున్నే ఫోన్లు చేసే పిచ్చి నాకెవరంటించారనా మహేషూ? ఇంకెవరు, నాగభూషణం సుబేదార్ సాబ్. నువ్వింకా సర్వీసులో ఉండగానే పోయార్లే. ఫరీదాబాద్‌లో ఉండేవారు. మిలిటరీ నుంచి పెన్షనొచ్చాక ఇటు నోయిడా, అటు గురుగ్రామ్‌లో గార్డు డ్యూటీలు చేసుకునే మన తెలుగు ఫౌజీలందరికీ రోజూ ఆరింటికల్లా ఆయన ఫోను. ఫౌజులో పొద్దున గింతీ ఉండేది కదా, ఎవరున్నారు, ఎవరు లేరు అని, అలాగన్నమాట. మేమేమో 'సబ్ ఠీక్ హై సాబ్', అంతా బాగానే ఉంది అనేసి పెట్టేసేవాళ్ళం. ఫౌజీ నోటికి ఇంకో మాటొస్తుందా ఏంటి! కాలు విరిగినా అదే మాట. రఘురామ్ అని ఒకడుండేవాడు, బంగారంలాంటి మనిషి. వారం రోజులు వరసగా సబ్ ఠీక్ అన్నాడు, ఆ తర్వాత ప్రాణం తీసుకున్నాడు. సాబ్ ఏడ్చారయ్యా, అంత మనిషీ. 'తప్పు ప్రశ్న అడిగాను లక్ష్మీపతీ' అని నాతో అన్నారు. అంతే, మర్నాటి నుంచి సబ్ ఠీక్ బంద్. 'నిన్న ఏం వండుకున్నావ్? ఎవరితో మాట్లాడావ్? అది చెప్పు!' వంకాయకూర మాడిందన్నా సంతోషించేవారు. సబ్ ఠీక్ అన్నావో, ఇంటికొచ్చేసేవారు.

నేనూ అన్నాను ఓసారి, మీ ఆంటీ పోయాక. రెండు బస్సులు మారి దిగిపోయారు, చేతిలో ఉప్మా డబ్బా. కూర్చుని మొహమ్మీదే అడిగారు, 'చచ్చిపోవాలనిపిస్తోందా లక్ష్మీపతీ?' అబ్బ, అలా అడుగుతారా ఎవరైనా! అడిగేసరికి ఏడుపు ఆగలేదు నాకు. అవునన్నాను. తిట్టలేదు, నీతులు చెప్పలేదు. 'అచ్ఛా, ముందు తిను' అన్నారు. ఆ పూటే మిలిటరీ ఆస్పత్రిలో మనసు డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళారు. నేను పిచ్చోణ్ణా సాబ్ అని గింజుకున్నానులే. 'బండి మొరాయిస్తే వర్క్‌షాపుకి పంపవూ? నడు' అన్నారు. ఏడాది మందులు వాడాను. ఇప్పుడు చూడు, డెబ్బై మూడేళ్ళు, నీ మూడో అంతస్తుకి మెట్లెక్కే వచ్చాను. సాబ్ పోయాక ఆ గింతీ నేనే తీసుకుంటున్నా. ఒక్కణ్ణీ పోగొట్టుకోలేదు, పోగొట్టుకోను కూడా. ఇవాళ పొద్దున నువ్వేమన్నావ్ మహేషూ? నేను విన్లేదనుకున్నావా? అందుకే అడుగుతున్నా, సాబ్ నన్నడిగిన మాటే. చచ్చిపోవాలనిపిస్తోందా? ... ఏడ్చెయ్, పర్లేదు. నేనెక్కడికీ పోను. ... అచ్ఛా. ఇదిగో, ఉప్మా చల్లారిపోతోంది, ముందు తిను. ఆ డాక్టరు దగ్గరికే వెళ్దాం, ఆటోవాణ్ణి కింద ఆగమనే వచ్చాను.